దూదిగూడెం దుమ్ముడబ్బా

నేను ఒక దుమ్ముడబ్బాను. నవ్వితే నవ్వండి. నా నుదుటి మీద కొట్టిన రేకులో ఏదో పెద్ద పేరే ఉంది గానీ దాన్ని పూర్తిగా చదివినవాణ్ణి నేను చూడలేదు. దూదిగూడెంలో పిల్లా పెద్దా అందరూ దుమ్ముడబ్బా అనే పిలిచారు. నాకూ అదే నచ్చింది, ఎందుకంటే నా పని అదే. గాలిని లోపలికి పీల్చుకుంటాను. అందులో ఉన్న దుమ్మును ఒక తెల్ల కాగితం మీద పట్టి ఉంచుతాను. మిగతా గాలిని వదిలేస్తాను. ఉన్న దుమ్ము చూపిస్తాను, లేనిది చూపించను. అబద్ధం చెప్పే మర ఏదీ నన్ను చేసినవాడు బిగించలేదు. ఈ మాత్రం పని చేసినందుకు నన్ను నలుగురి ముందు బల్ల మీద పెట్టి దొంగను నిలదీసినట్టు నిలదీశారు. ఆ కోపం ఇవాళ్టికీ తగ్గలేదు. వినే ఓపిక ఉంటే వినండి, లేకపోతే మీ దారిన మీరు పొండి.

నన్ను బాలానగర్‌లో ఒక ఇరుకు షెడ్డులో చేశారు. రేకు కోసి, మడిచి, బూడిదరంగు పూసి, కడుపులో మోటారు బిగించి, నెత్తిన చిన్న ఇంటికప్పు లాంటి మూత పెట్టారు. అదే షెడ్డులో ఎయిర్‌కూలర్లు కూడా చేసేవాళ్లు. వాటికేం, పుట్టీ పుట్టగానే అందరికీ ముద్దు. ఇంటికి తీసుకెళ్లి కిటికీ పక్కన పెట్టుకుని, దాని ముందు కూర్చుని అన్నం తింటారు. నేను చల్లగాలి ఇచ్చేవాణ్ణి కాదు. మీరు పీలుస్తున్న గాలి ఎలాంటిదో చెప్పేవాణ్ణి. నన్ను ఎవరు ఇంట్లో పెట్టుకుంటారు? చాలాకాలం షెడ్డు మూలన గోనెపట్టా కప్పుకుని పడి ఉన్నాను.

చివరికి యూనివర్సిటీ నుంచి డాక్టర్ సుధేష్ణ వచ్చి తీసుకెళ్లింది. వరంగల్ పిల్ల, సన్నగా ఉంటుంది, మాట మాత్రం కరుకు. పరిశ్రమల పక్కన పెరిగే పిల్లల ఊపిరితిత్తుల మీద పరిశోధన చేస్తోంది. ఆవిడ ఆలోచన చాలా సూటిగా ఉండేది. ఊళ్లో గాలిలో ఏ రోజు ఎంత దుమ్ము ఉందో నేను చూపించాలి. ఆ ఊరి బడిలో పిల్లల చేత ఒక చిన్న గొట్టంలోకి గట్టిగా ఊదించి, ఎవరి ఊపిరి ఎంతో ఆవిడ రాసుకోవాలి. దుమ్ము పెరిగినప్పుడల్లా ఊపిరి తగ్గుతోందని ఏడాది పొడుగునా చూపించగలిగితే, కాలుష్యం మీద వేసిన విచారణ కమిటీ ముందు పెట్టి ఒక్క ఆర్డరు అడగాలి. ఒక్కటే ఆర్డరు. అదేమిటో చెప్పాలంటే ముందు ఆ ఫ్యాక్టరీ సంగతి చెప్పాలి.

దూదిగూడెం పేరుకు తగ్గట్టే పత్తి పండే ఊరు. చేను చివర ఇనుము ఫ్యాక్టరీ వచ్చాక అక్కడ పత్తి కాయ పగిలితే బూడిదరంగులో పగులుతుంది. ఫ్యాక్టరీ పేరు చెప్పను, చెప్పి దానికి ప్రచారం చెయ్యను. గేటు మీద బంగారు అక్షరాల పేరు, దాని కింద 'పచ్చదనమే మా ప్రాణం' అని మరో బోర్డు. ఇనుపరాయిని బొగ్గుతో కాల్చడం, పాత ఇనుము కలిపి కొలిమిలో కరిగించడం దాని పని. విరిగిన సైకిళ్లు, తుప్పు పట్టిన బీరువాలు, నాగళ్లు, అన్నీ లారీల మీద నా కళ్ల ముందు నుంచే ఆ గేటులోకి వెళ్లేవి. ఒక్కటి కూడా అదే రూపంలో బయటికి రావడం నేను చూడలేదు.

ఆ ఫ్యాక్టరీలో నాకు వరసకు అన్న అయ్యేవాడు ఒకడున్నాడు. పొగ గొట్టంలోకి వెళ్లకముందే దుమ్మును పట్టేసే పెద్ద యంత్రం. వాణ్ణి పెడితేనే ఫ్యాక్టరీకి అనుమతి ఇచ్చారు, కాబట్టి పెట్టారు. కానీ వాడు కరెంటు బాగా తాగుతాడు. అందుకని పెద్దసార్లు తనిఖీకి వచ్చినప్పుడు తప్ప వాణ్ణి నడపరు. ఉన్న యంత్రాన్ని ఆపేసి, ఊరి పిల్లల ఊపిరితిత్తుల చేత ఆ పని చేయించుకోవడం! ఇంత తెలివి మనుషులకు కాక ఎవరికి వస్తుంది? సుధేష్ణ అడగదలచిన ఆర్డరు ఇదే. దుమ్ము పట్టే యంత్రం ఆగితే కొలిమి దానంతట అదే ఆగిపోయేలా రెండింటికీ తీగ కలపాలి. అంతకన్నా ఏమీ అడగలేదు. ఫ్యాక్టరీ ముయ్యమనలేదు.

నన్ను బడి మేడ మీద పెట్టారు. రోజూ కాగితం మార్చే పని బడిలో మధ్యాహ్నం వంట చేసే ఎల్లవ్వకు అప్పగించారు. ఎల్లవ్వ గొంతు పెద్దది, చెయ్యి ఇంకా పెద్దది. ఆమె మనవరాలు లాస్య అదే బడిలో చదువుతుంది. తల్లి చిన్నప్పుడే పోయింది, అమ్మమ్మే అన్నీ. ఆ పిల్లకు ఉబ్బసం. గొట్టంలోకి ఊదమంటే బుగ్గలు ఉబ్బించి, కళ్లు మూసుకుని ఊదేది, ముల్లు కాస్త కదిలి కింద పడిపోయేది. తోటి పిల్లలు ఆడుకుంటుంటే జేబులో మందు పంపు పెట్టుకుని మెట్ల మీద కూర్చునేది. మెట్లెక్కి నా దగ్గరికి రావాలన్నా మధ్యలో రెండుసార్లు ఆగేది.

"ఈ డబ్బతోని మా పోరికి దమ్ము తగ్గుతదా మేడం?" అని మొదటిరోజే అడిగింది ఎల్లవ్వ.

"డబ్బాతో తగ్గదు అవ్వా. ఇది చూపించేది చూసి పైవాళ్లు ఆర్డరు ఇస్తే, ఆ పొగ తగ్గితే, అప్పుడు తగ్గుతుంది" అంది సుధేష్ణ.

"ఇస్తరా?"

"మన లెక్క గట్టిగా ఉంటే ఇవ్వక ఏం చేస్తారు?"

పాపం, అంత చదువుకున్న మనిషి అంత అమాయకంగా ఎలా మాట్లాడిందో నాకిప్పటికీ అర్థం కాదు.

సుధేష్ణ అన్నీ జాగ్రత్తగా నేర్పింది. కాగితాన్ని వేళ్లతో ముట్టుకోకూడదు, చిమటాతోనే పట్టుకోవాలి. నా చుట్టుపక్కల చెత్త కాల్చకూడదు. బీడీ తాగేవాణ్ణి మేడ ఎక్కనివ్వకూడదు. పొయ్యి పొగ నాకు తగలకూడదని చెబితే ఎల్లవ్వ తన కట్టెలపొయ్యిని బడి వెనక్కి ఎత్తుకుపోయింది, ఎండలో నిలబడి వండింది. ఆమె అంత నిష్ఠగా చేస్తుంటే నాకే ముచ్చటేసేది. పొద్దున నల్లబడ్డ కాగితం తీసి కవర్లో పెడుతూ, "సూడు, ఎంత బొగ్గు తిన్నదో నా బిడ్డ" అని నన్ను తట్టేది. నన్ను బిడ్డా అన్నది ఈ లోకంలో ఆమె ఒక్కతే.

ఇలా చలి పోయింది, ఎండ పోయింది, వాన కూడా వచ్చి పోయింది. నా కాగితాలన్నీ యూనివర్సిటీకి వెళ్లేవి, అక్కడ తూచేవాళ్లు. తెల్లగా వచ్చినవి నల్లగా పోయేవి. నా కాగితాలు మరీ నల్లబడ్డ వారం పిల్లల ఊపిరి పడిపోయేది. లాస్య ఊపిరైతే అందరికన్నా ముందే పడిపోయేది. సుధేష్ణకు కావలసిన రుజువు దొరికింది. దొరికినందుకు ఆవిడ సంతోషించలేదు. మెట్ల మీద కూర్చున్న లాస్య జుట్టు సవరించి వెళ్లిపోయింది.

దసరా వచ్చింది. దసరాకు మా వైపు పనిముట్టు అన్నదానికల్లా పూజ చేస్తారని మీకు తెలుసు కదా. నాగలికి, కుట్టుమిషనుకు, ఆటోకు, చివరికి వడ్రంగి సంచిలో ఉన్న ఉలికి కూడా బొట్టు పెడతారు. ఆ రోజు బడికి సెలవు. అయినా ఎల్లవ్వ తలంటు పోసుకుని, లాస్యకు కొత్తగౌను వేసి, ఇద్దరూ మేడ ఎక్కారు. ఎల్లవ్వ నన్ను తడిగుడ్డతో తుడిచింది. పసుపు రాసింది, కుంకుమ పెట్టింది, నా మూత చుట్టూ బంతిపూల దండ కట్టింది. కొబ్బరికాయ కొట్టింది. తర్వాత మట్టిచిప్పలో నిప్పులు పోసి, గుప్పెడు సాంబ్రాణి వేసి, సరిగ్గా నా ముక్కు కింద తిప్పింది.

ఇంత జాగ్రత్తగల మనిషి ఇలా ఎందుకు చేసిందని మీరు అడగొచ్చు. పొయ్యి పొగ పొగ, బీడీ పొగ పొగ. సాంబ్రాణి మాత్రం ఎల్లవ్వ లెక్కలో పొగ కాదు, దేవుడికి పెట్టేది. సుధేష్ణ చెప్పిన వద్దుల్లో పూజ లేదు, ఎందుకంటే అలాంటిది జరుగుతుందని ఆవిడకు తోచనే లేదు. "మా లాసి పాణం నీ చేతుల్నే ఉన్నది, మంచిగ జూడు తండ్రీ" అని ఎల్లవ్వ నాకు దండం పెట్టింది. నేనేం చెయ్యను? రేకుడబ్బాను. పీల్చడం తప్ప నాకేమీ రాదు, పీల్చాను.

లాస్య తన అమ్మమ్మ ఫోనులో నాతో ఫొటో దిగింది. దండ వేసుకున్న నేను, పక్కన చెయ్యి నా మూత మీద వేసి పళ్లన్నీ కనబడేలా ఆ పిల్ల, మధ్యలో సాంబ్రాణి పొగ. ఆ ఫొటో వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకున్నారు. ఊరంతా చూసింది. ఊళ్లో సగం మంది ఆ ఫ్యాక్టరీలోనే పని చేస్తారు గనుక ఫ్యాక్టరీ కూడా చూసింది.

కమిటీ విచారణ రోజు ఊరి బయట షామియానా వేశారు. వేయించింది ఫ్యాక్టరీయే. కుర్చీలు ఫ్యాక్టరీవి, మైకు ఫ్యాక్టరీది, బిర్యానీ పొట్లాలు ఫ్యాక్టరీవి, విచారణ జరిగేది కూడా ఫ్యాక్టరీ మీదే. ఛైర్మన్ గారు వచ్చీ రాగానే ఆకాశం వైపు చూసి, "ఇక్కడ గాలి బాగానే ఉందే" అన్నాడు. బాగానే ఉంటుంది మరి! పొద్దున్నే మా అన్నను నడపడం మొదలుపెట్టారు. గొట్టం మీద పొగ ఉందా లేదా అన్నట్టుంది. నన్ను ఆటోలో తీసుకొచ్చి బల్ల మీద పెట్టారు. ఇది అసలు పనిచేస్తుందో లేదో చూద్దాం నడపండి అన్నాడు ఛైర్మన్. ఎల్లవ్వ చిమటాతో కొత్త కాగితం పెట్టింది. మైకుసెట్టు తీగ నుంచి కరెంటు ఇచ్చారు. విచారణ జరిగినంతసేపూ నేను ఆ షామియానా గాలినే పీలుస్తూ ఉన్నాను.

సుధేష్ణ బాగా చెప్పింది. లావుపాటి మాటలు లేకుండా, ఊళ్లో వాళ్లకు కూడా అర్థమయ్యేలా చెప్పింది. దుమ్ము ఇలా పెరిగింది, ఊపిరి ఇలా తగ్గింది, ఈ యంత్రానికీ కొలిమికీ తీగ కలపండి అంది. జనం చప్పట్లు కొట్టారు. అప్పుడు ఫ్యాక్టరీ తరఫున చక్రధర్ అనే నిపుణుడు లేచాడు. ఇస్త్రీ మడత చెదరని చొక్కా, తేనెలో ముంచినట్టున్న గొంతు. "మేడం గారి కృషి మీద నాకు చాలా గౌరవం" అని మొదలుపెట్టాడు. అలా మొదలుపెట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. వెనక తెర మీద లాస్య ఫొటో వేశాడు.

"అవ్వా, ఈ పొగ ఏమిటి?" అని అడిగాడు.

"సాంబ్రాణి సారూ. దసరకు ఏసినం."

"యంత్రం నడుస్తుండగానే?"

"నడుస్తనే ఉండె. బంద్ వెట్టొద్దని మేడం జెప్పింది."

చక్రధర్ ఛైర్మన్ వైపు తిరిగి చిన్నగా నవ్వాడు. షామియానాలో ముందు వరుస కూడా నవ్వింది. సుధేష్ణ తల దించుకుంది. ఎల్లవ్వ అందరినీ మార్చి మార్చి చూసి, ఏం జరిగిందో అప్పుడు గ్రహించింది. తెర మీద నవ్వుతున్న మనవరాలిని చూసింది. ఆ వెంటనే ఆమెకు కోపం ముంచుకొచ్చింది.

"ఏందయ్యా నవ్వుతున్నరు? మీరు పూజ జెయ్యలేదా? ఆ పొద్దు మీ కొలిమి సల్లార్పి గుమ్మడికాయ గొట్టలేదా? మా ఊరోళ్లనే పిలిచి బూందీ పంచలేదా? మీరు మొక్కితె భక్తి, నేను మొక్కితె తప్పా?"

సుధేష్ణ చటుక్కున తలెత్తింది. "అవ్వా, ఆ రోజు కొలిమి ఆపేశారా?"

"ప్రతి దసరకు ఆపుతరు మేడం. పొగ లేకుంట ఉండేది ఆ ఒక్క పొద్దే."

సుధేష్ణ వెంటనే ల్యాప్‌టాప్ తెరిచింది. దసరా రోజు నా కాగితం బరువు వెతికి, మైకు దగ్గరికి వచ్చి చదివింది. ఆ ఏడాది మొత్తంలో నేను పట్టిన దుమ్ములో అన్నిటికన్నా తక్కువ దసరా రోజుదే. గుప్పెడు సాంబ్రాణి నా ముక్కు కింద తిప్పినా సరే, కొలిమి ఆగినందుకు అదే అతి తెల్లటి కాగితం.

"ఆ రోజును తీసేయమంటే తీసేస్తాను సార్, మిగతా రోజులన్నీ ఇంకా నల్లగానే ఉంటాయి" అంది సుధేష్ణ. "కానీ తీసేయకండి. మా దగ్గరున్న పెద్ద సాక్ష్యం అదే."

షామియానా హోరెత్తిపోయింది. లాస్య అప్పుడు అక్కడ లేదు. గాలి బాగున్న రోజు కదా, వెనక ఖాళీ జాగాలో తోటిపిల్లలతో పరుగెత్తుతోంది. ఆ పిల్ల పరుగెత్తగా నేను చూడటం అదే మొదలు. ఎల్లవ్వ వేలెత్తి అటు చూపించి, "ఇయ్యాల గొట్టంల పొగ ఎందుకు లేదో అడుగున్రి సారూ! మీరొచ్చిన్రనే గద! రోజూ రారాదుండ్రి!" అంది. గెలిచామనుకున్నాను. రేకుడబ్బాకు అంతకన్నా బుద్ధి ఎక్కడిది?

ఆర్డరు వచ్చేదాకా ఎవరూ ముట్టుకోవద్దని చెప్పి, లోపలి కాగితంతో సహా నన్ను మళ్లీ బడి మేడ మీద పెట్టించారు. ఆ ఆర్డరు తర్వాత వచ్చింది. పరికరాన్ని శాస్త్రీయ పద్ధతిలో నిర్వహించలేదని స్వయంగా ఒప్పుకున్నారు గనుక ఆ ఏడాది లెక్కలేవీ చెల్లవన్నారు. మరింత అధ్యయనం అవసరమన్నారు. అప్పటివరకు ఫ్యాక్టరీ స్వచ్ఛందంగా జాగ్రత్తలు తీసుకుంటుందని ఆశించారు. ఆశించారట! తీగ ఊసు ఎక్కడా లేదు. కొత్త అధ్యయనానికి కొత్త యంత్రం పెట్టారు, రంగురంగుల అంకెలు వెలిగే బోర్డుతో సహా. ఎక్కడ పెట్టారనుకున్నారు? ఫ్యాక్టరీ తోటలో, పొద్దస్తమానం నీళ్లు చిమ్మే గొట్టాల మధ్య. దాని మీద దుమ్ము వాలేలోపే తడిసి నేల మీద పడుతుంది. సాంబ్రాణి వేసిన ముసలమ్మ లెక్క చెడగొట్టిందట, నీళ్లు చిమ్మేవాడిది మాత్రం శాస్త్రమట. థూ!

నన్ను సాక్ష్యంగా సీలు వేసి తీసుకుపోతామని మనుషులు వచ్చిన రోజు ఎల్లవ్వ మేడ ఎక్కింది. నా మూత అంచున ఇంకా కాస్త కుంకుమ మిగిలి ఉంది. దాన్ని కొంగుతో రుద్ది రుద్ది తుడిచింది. "నా చేతులార నేనే జేస్తి గద బిడ్డా" అని ఏడ్చింది. ఆమె కన్నీళ్లు చూసి నాకు పుట్టిన కోపం ఇంతింత కాదు. నువ్వు చెయ్యలేదమ్మా అని అరవాలనిపించింది. నీ సాంబ్రాణి లేకపోతే వాళ్లు నీ చిమటాను తప్పు పట్టేవాళ్లు, లేదంటే నా తుప్పును పట్టేవాళ్లు. కళ్లు మూసుకోదలచినవాడికి ఏదో ఒక సాకు కావాలి. నా మోటారు ఆగి ఉంది, అరవలేకపోయాను.

ఆ చలికాలం లాస్యకు రెండుసార్లు ఆస్పత్రి అయింది. డాక్టరు పిల్లను అక్కడ ఉంచవద్దన్నాడు. ఎల్లవ్వ మనవరాలిని ఎక్కడో దూరాన గురుకుల హాస్టల్లో చేర్పించింది. అక్కడ లాస్య ఇప్పుడు కబడ్డీ ఆడుతుందట. మందు పంపు పెట్టె అడుగున పడి ఉందట. నేనున్న గోదాముకు వచ్చి, సీలు విప్పమని అధికారిని బతిమాలుతూ సుధేష్ణ చెప్పిన మాటలివి. అధికారి విప్పలేదు. ఆవిడ ఇంకా తిరుగుతూనే ఉంది, కొత్త ఊళ్లో కొత్త డబ్బాతో లెక్కలు మొదలుపెట్టింది. ఎల్లవ్వ మాత్రం దూదిగూడెంలోనే ఉంది. మనవరాలికి ఊపిరి ఆడుతోంది, మనవరాలు ఇంట్లో లేదు. ఈ లెక్కను ఏ కమిటీ ముందు పెట్టాలో నాకు తెలియదు.

ఇక నా సంగతి. గోదాము ఖాళీ చెయ్యాలని నన్ను పనికిరాని సామానుతో కలిపి పాత ఇనుము వ్యాపారికి వేసేశారు. ఇప్పుడు లారీ మీద ఉన్నాను. నా కింద ఒక బీరువా, నా మీద విరిగిన కూలర్ ఒకటి. బాలానగర్‌లో నా పక్కన పుట్టినదేనేమో. సీలు ఇంకా అలాగే ఉంది, ఎవరూ విప్పలేదు. నా కడుపులో విచారణ రోజు పెట్టిన కాగితం కూడా అలాగే ఉంది, ఎవరూ తూచలేదు. అది నల్లటిది కాదు. తెల్లగా ఉంది. దుమ్ము పట్టే యంత్రాన్ని నడిపిస్తే దూదిగూడెం గాలి ఎలా ఉంటుందో, లాస్య పరుగెత్తగలిగిన గాలి ఎలా ఉంటుందో, దాని మీద ఉంది. ఒక్కసారి తీసి చూడండయ్యా. వేరే ఏమీ అక్కర్లేదు.

లారీ మలుపు తిరిగింది. బంగారు అక్షరాలు కనిపిస్తున్నాయి, కింద పచ్చదనం బోర్డు కూడా. గొట్టం మీద పొగ కాటుకలా దిగుతోంది, అన్నను ఇవాళ కూడా నడపలేదు. కొలిమిలో ముందు నా రంగు పోతుంది, తర్వాత కాగితం పోతుంది, తర్వాత నేను. నాలో కొంత కడ్డీ అవుతుంది. కొంత గొట్టం ఎక్కి బయటికి వస్తుంది. సాయంత్రానికి గాలి ఊరి వైపు తిరిగినప్పుడు ఎల్లవ్వ ఇంటి అరుగు మీద రాలతాను. ఆమె రోజూ లాగే తిట్టుకుంటూ తడిగుడ్డ తెచ్చి తుడుస్తుంది. నేనని ఆమెకు తెలియదు.